ఏడడుగుల చక్రం

ఎనాక్ బ్రాడ్‌బెంట్ దగ్గర రెండు ఎప్పుడూ రగులుతూనే ఉండేవి. ఒకటి పొగ, రెండోది పొగరు. చుట్టపొగను ఆదివారం చర్చి గుమ్మం దగ్గర ఆర్పేవాడు. పొగరును ఆర్పడం లోపలున్న దేవుడి వల్ల కూడా కాలేదు.

పొగరుకు కారణం పట్టాల మీదే ఉంది. దాని పేరు మార్జరీ. క్రాగ్‌షా షెడ్డులో ప్యాసింజరు రైళ్లు లాగే ఒంటిజోడు ఇంజన్లలో అది ఎనాక్‌ది. అంటే కంపెనీదే, కానీ ఆ మాట ఎనాక్ ముందు అనే ధైర్యం కంపెనీకి కూడా లేదు. ఒక డ్రైవరుకు ఒక ఇంజను అని లెక్క. వేరేవాడు దాని మీద చెయ్యి వేస్తే, ఆ చేతికి కట్టు ఎవరు కడతారన్నదే ప్రశ్న.

మార్జరీకి ముందూ వెనకా చిన్న చక్రాలు, నడుమ మాత్రం అటొకటి ఇటొకటి మనిషెత్తు దాటిన ఏడడుగుల చక్రాలు. బండిని లాగేది ఆ ఒక్క జతే, అందుకే ఒంటిజోడు. కెజియాతో పెళ్లినాడు చర్చిలో ఎన్నడుగులు నడిచాడో ఎనాక్‌కు గుర్తులేదు గాని, మార్జరీతో మాత్రం ఖచ్చితంగా ఏడడుగుల బంధమే. కెజియా కూడా కాదనలేదు. "ఆ సవతి ఇల్లు వేరు కాబట్టి సరిపోయింది, లేకపోతే దాని మసి కూడా నేనే ఉతకాల్సి వచ్చేది" అని చర్చి పాటల బృందంలో అందరికీ చెప్పేది.

చదును మీద ఒంటిజోడు పరుగు చూసి తీరాలి. పెట్టెలో కూర్చున్నవాళ్ల టీ తొణికేది కాదు. కొత్తగా వస్తున్న జంటజోడు ఇంజన్లకు రెండు జతల పెద్ద చక్రాలు, వాటిని కలుపుతూ ఉక్కు కడ్డీలు. "చేతులు పట్టుకుని నడిచే ముసలమ్మలు" అనేవాడు ఎనాక్ వాటిని. ముసలమ్మలైతేనేం, తడి పట్టాల మీద ఎత్తు ఎక్కాలంటే నాలుగు చక్రాల పట్టు వేరు. ఒంటిజోడుకు అక్కడ పట్టా ఉంటుంది, పట్టుదల ఉంటుంది, పట్టే ఉండదు. అందుకే పెద్ద చక్రం కిందికి ఆవిరితో ఇసుక ఊదే గొట్టం ఒకటి పెట్టారు. ఇసుక పడితే చక్రానికి పట్టు పడుతుంది. ఇసుక పడకపోతే డ్రైవరుకు విసుగు పుడుతుంది.

ఆ గురువారం కంపెనీ ఇంజన్లన్నిటికీ పెద్ద అయిన ఫెన్‌విక్ షెడ్డుకు వచ్చాడు. ఆయన కూడా చిన్నప్పుడు బాయిలర్లలో దూరి తుప్పు గీకినవాడే. మాట తక్కువ, గడ్డం ఎక్కువ.

"శనివారం సముద్రం ఊరికి పోయే బండి నీదే, బ్రాడ్‌బెంట్. విట్సన్ పండగ రద్దీ. పెట్టెలు మామూలుకన్నా చాలా ఎక్కువ కడుతున్నాం."

"పెట్టెలే కదా సార్. కొండ కాదుగా."

"కొండా ఉంది. దారిలో స్కార్ ఎత్తు ఉందని నీకు నేను చెప్పాలా?"

స్కార్ ఎత్తు అడుగున ఒక తోపుడు ఇంజను రాత్రింబవళ్లు నిప్పు రాజేసుకుని కాచుకునేది. ఎక్కలేని బండి డ్రైవరు రెండు పొడుగు, ఒక పొట్టి కూత వేస్తే, వెనకనుంచి వచ్చి తోసేది. అది తోపుడు కూత. ఆ కూత ఎనాక్ జన్మలో వెయ్యలేదు. వేసినవాళ్ల గురించి కూతలు మాత్రం చాలా కూశాడు.

"తోపు లేకుండా స్కార్ ఎక్కితే మార్జరీ ఎక్స్‌ప్రెస్ మీదే ఉంటుంది" అన్నాడు ఫెన్‌విక్. "తోపుడు కూత వినిపించిందా, సోమవారం నుంచి అది పాల బండికి పోతుంది. నువ్వు జంటజోడు ఎక్కుతావు. మిగతా ఒంటిజోళ్ల సంగతి కూడా దీంతోనే తేలుస్తాను. నేను ముందు పెట్టెలో కూర్చుంటా."

"కిటికీ పక్కన కూర్చోండి సార్. కొండ మీద గొర్రెలు బాగుంటాయి. తీరిగ్గా చూడలేరు గాని, వేగం మీద ఉంటాం."

ఫెన్‌విక్ గడ్డం కదిలింది. నవ్వాడో లేదో గడ్డానికే తెలియాలి.

శుక్రవారం సాయంత్రం కెజియా అన్న జోసయా హిగ్‌డన్ భోజనానికి వచ్చాడు. ఆ తోపుడు ఇంజను డ్రైవరు ఆయనే. బావలిద్దరూ ఒకే ఏడు షెడ్డులో గుడ్డ పట్టి ఇంజన్లు తుడవడంతో మొదలుపెట్టినవాళ్లు. ఒకడు ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు, ఒకడు ఎత్తు అడుగున ఆగాడు.

"రేపు నీకోసం నిప్పు బాగా ఎగదోసి ఉంచుతాలే బావా" అన్నాడు జోసయా, పంది మాంసం కూరిన రొట్టె కోసుకుంటూ. "మొహమాటపడకు. ఒక్క కూత వెయ్యి, అల్లుణ్ణి అత్తారింటికి తోసినట్టు మెత్తగా తోస్తాను."

"నీ తోపు లేకుండానే ఇన్నాళ్లూ తోపుగా బతికాను బావా."

"బతికావు, ఎండాకాలం. రేపు వాన. నా మోకాలు చెబుతోంది."

"నీ మోకాలు చెప్పిందా. మీ ఇంట్లో తెలివి ఎక్కడుందో ఇప్పటికి తెలిసింది."

"ఆ ఇంటిదే నీ పెళ్లాం" అంది కెజియా, ఉడికిన బఠానీల గిన్నె వాళ్ల మధ్య ఠక్కున పెడుతూ. "తోస్తే ఏం పోయిందయ్యా? పొద్దున్నే మంచం మీంచి నిన్ను లేపేది నేనే, అదీ తోసే. అప్పుడు పోని పరువు కొండ దగ్గర పోతుందా?"

జోసయా నవ్వి నవ్వి పొలమారాడు. ఎనాక్ మాత్రం నవ్వలేదు. పరువు పోతే మళ్లీ కాస్త పెంచుకోవచ్చు. మార్జరీ పోతే? పాల క్యాన్లు మోసే మార్జరీని పక్క పట్టా మీద చూస్తూ తను ఏ ముసలమ్మ భుజాల మీదో కూర్చుని పోవడం తలుచుకుని, పళ్లెం పక్కకు జరిపాడు.

శనివారం తెల్లవారుతూనే షెడ్డుకు పోయాడు. ఇంజను తుడిచేవాళ్లు అప్పటికే ఆకుపచ్చ రంగు మీద కొవ్వు పట్టించి, గుడ్డతో చేపపొలుసుల్లా వరసలు దిద్దారు. ఆ షెడ్డులో అది అందం. ఏ డ్రైవరు ఇంజను ఎంత మెరిస్తే అతను అంత మొనగాడు. కానీ పెద్ద చక్రం దగ్గరికి వాళ్లెవరినీ రానివ్వలేదు ఎనాక్. ఇవాళ మార్జరీ పెళ్లికూతురు. ముస్తాబు తానే చెయ్యాలి. కొవ్వులో ఇటుకపొడి కలిపి ముద్ద చేసి, ఆ చక్రం ఆకులు, ఉక్కు పట్టీ, పక్కనున్న ఇత్తడి, చివరికి ఇసుక గొట్టాల మూతులు కూడా రెండు పక్కలా మెరిసేదాకా రుద్దాడు. తన మొహం అందులో కనిపించాక, మీసం కూడా అందులోనే సరిచేసుకున్నాడు.

మార్జరీకి బొగ్గు వేసే సైలస్ పెక్ పలుగంత పొడుగు, పారంత చెయ్యి ఉన్నవాడు. ఎనాక్ కన్నా రెండు మూడేళ్లు చిన్న. నిప్పు మీద పారలోనే పంది మాంసం వేయించుకుంటూ అడిగాడు.

"అన్నా, బయల్దేరేముందు ఇసుక ఒకసారి ఊది చూస్తామా?"

రోజూ ఊది చూసేవాళ్లు. అది అలవాటు. కానీ ఊదితే ఇసుక దుమ్ము లేచి చక్రమంతా పడుతుంది.

"అద్దం మీద మట్టి కొడతావా సైలస్? పెద్దాయన దీన్ని చూడాలి."

"పెద్దాయన చూసేది ఎక్కుతుందా లేదా అని. మెరుస్తుందా అని కాదుగా."

"మెరిసేది ఎక్కదా?"

"మా ఆవిడ చెల్లెలు మెరుస్తుంది. ఇంతవరకు కొండెక్కగా చూడలేదు" అని సైలస్ మాంసం తిప్పాడు. మాట అక్కడితో పోయింది. ఇసుక ఊదలేదు.

స్టేషన్ పైకప్పు కింద పట్టాలు పొడిగా ఉన్నాయి. పండగ బట్టల్లో జనం, గంపల్లో తిండి, కిటికీల నిండా తలలు. ఫెన్‌విక్ ముందు పెట్టెలోకి ఎక్కేముందు ఆ చక్రాన్ని ఒక్కసారి పైనుంచి కిందికి చూశాడు. ఏమీ అనలేదు. ఎనాక్‌కు అదే పొగడ్తలా వినిపించింది. మార్జరీ అంత పొడుగు బండినీ ఇసుక ఊసే లేకుండా కదిలించి, ఊరు దాటి, చదును మీద పడి, తన మామూలు పరుగు అందుకుంది. సైలస్ పార ఆడుతోంది. ఆవిరి ముల్లు గీత మీద నిలబడింది. ఎనాక్ చెయ్యి ఆవిరి వదిలే రెగ్యులేటర్ మీద, పిల్లి వీపు నిమిరినట్టు.

అప్పుడు జోసయా మోకాలు నిజం చెప్పింది. సన్నని వాన, తడపడానికి సరిపోయేంత, కడగడానికి సరిపోనంత.

స్కార్ అడుగుకు వచ్చేసరికి పక్క పట్టా మీద తోపుడు ఇంజను పొగలు కక్కుతూ నిలబడి ఉంది. జోసయా టీ డబ్బా పైకెత్తి చూపించాడు. ఎనాక్ టోపీ అంచు తాకి దర్జాగా దాటిపోయాడు. ఎత్తు మొదలైంది. మార్జరీ ఒక ఊపిరి, రెండో ఊపిరి, మూడో ఊపిరి బలంగా తీసింది. నాలుగోది తియ్యబోయి జారింది.

పెద్ద చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగింది. జోరు పోయి జారుడు మిగిలింది. ఎనాక్ ఆవిరి మూసి, ఇసుక మీట లాగి, మళ్లీ తెరిచాడు. మళ్లీ అదే గిరగిర.

"ఇసుక పడట్లేదన్నా" అన్నాడు సైలస్, పక్కకు వంగి కిందికి చూస్తూ. "నీ వైపు?"

ఎనాక్ వంగి చూశాడు. తన వైపు కూడా పడలేదు. గొట్టం మూతి మాత్రం వానలో తళతళా మెరుస్తోంది. బండి మెల్లమెల్లగా నీరసించి, ఎత్తు మీద పూర్తిగా ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో ఎనాక్ చెయ్యి కూత తాడు దగ్గరికి పోలేదు. పోకుండా పట్టుకున్నాడు. బ్రేకు బిగించి కిందికి దిగి మోకాళ్ల మీద కూర్చుని గొట్టం మూతిలో వేలు పెట్టాడు. రాయి తగిలింది. రాయి కాదు, పొద్దున తాను రుద్దిన కొవ్వూ ఇటుకపొడీ మూతిలోకి దూరి, ఇంజను వేడికి కాలి గట్టిపడింది. చక్రం పట్టీ మీద రాసిన కొవ్వు కరిగి కిందికి జారి, చక్రం పట్టాను తాకే చోటంతా వెన్న పూసినట్టు ఉంది. కొండ కాదు ఆపింది. వాన కాదు. ఎనాక్ బ్రాడ్‌బెంట్ చేతులే.

నూనె ఒత్తులు దిద్దే తీగ తీసి రెండు వైపులా మూతులు పొడిచి శుభ్రం చేశాడు. సైలస్ మీట లాగి చూశాడు. ముద్దముద్దగా తడి బురద రాలింది. దారి మూసుకుపోయిన ఆవిరి వెనక్కి తన్ని, ఇంజను ఇసుక తొట్లలో ఉన్నదంతా నానబెట్టేసింది.

"అయిపోయింది" అన్నాడు సైలస్. "పొడి ఇసుక లేనిదే ఇది ఇక్కడినుంచి కదలదన్నా. పరుగు మీద ఉన్నదే ఎక్కలేకపోయింది. ఆగినదాన్ని లేపడం ఇంకో ఎత్తు."

ఈలోగా ఫెన్‌విక్ పెట్టె దిగి వానలో నిలబడ్డాడు. గార్డు ఎర్రజెండాతో వెనక్కి పోయాడు. కింది నుంచి జోసయా రొప్పుతూ నడిచి వచ్చాడు, చేతిలో ఇంకా టీ డబ్బా.

"కూత వినపడలేదు బావా. చెవులకు పరీక్ష చేయించుకోవాలా నేను?"

"వేస్తేగా వినపడేది."

జోసయా చక్రం చూశాడు, గొట్టం చూశాడు, పట్టా మీది జిడ్డు వేలితో తాకి వాసన చూశాడు. అంతా అర్థమైంది. "ఇంజనుకు కొవ్వు పట్టిందా బావా? ఇంతకాలం నీకే అనుకున్నా."

సైలస్ బొగ్గు వైపు తిరిగి దగ్గాడు. ఆ దగ్గులో నవ్వు పాలే ఎక్కువ.

ఎనాక్ లేచి నిలబడ్డాడు. జీవితంలో ఎవరినీ ఏదీ అడగని మనిషికి అడగడం కూడా స్కార్ ఎత్తే. ఊపిరి తీసుకుని ఎక్కాడు.

"బావా, నీ బాయిలర్ పక్కన పొడి ఇసుక ఎప్పుడూ ఉంటుందిగా. ఇస్తావా?"

"ఇసుకా? దాంతో నీకేం పని? తోసేస్తాగా, అరనిమిషంలో పైన ఉంటావు."

"తోస్తే పైకి నేను పోతాను. మార్జరీ పోదు. దాన్ని పాల బండికి పంపేస్తారు."

జోసయా మార్జరీ వైపు మళ్లీ ఒకసారి చూశాడు. ఆయన కూడా ఒకప్పుడు ఒంటిజోడు తుడిచినవాడే. తోసే డ్రైవరును తోయకుండా ఉన్నందుకు ఆ కంపెనీలో ఎవరూ మెచ్చుకోరు, ఆయన ఆ రోజు తోసి ఉంటే బావను ఏళ్ల తరబడి ఏడిపించే హక్కు కూడా దక్కేది. టీ డబ్బా ఎనాక్ చేతిలో పెట్టాడు.

"తాగు. చల్లారిపోతోంది" అని కిందికి నడిచాడు. తిరిగి వచ్చినప్పుడు రెండు చేతులా రెండు బకెట్లు, వాన పడకుండా వాటి మీద తన కోటు, తన నెత్తిన మాత్రం వాన.

ఎనాక్ మెడలో కెజియా ఉతికి ఇస్త్రీ చేసిన తెల్ల మఫ్లరు ఉంది. పండగ కోసం కట్టింది. దాన్ని విప్పి, చక్రం పట్టీని, పట్టాను చేతికందినంత మేర తుడిచాడు. మఫ్లరు నల్లగా మారింది, చక్రం మసకగా మారింది. సైలస్ తడి ఇసుక తోడేసి పొడి ఇసుక పోశాడు. మిగిలినదాన్ని జోసయా పిడికిళ్లతో పట్టాల మీద సన్నగా చల్లుకుంటూ ముందుకు నడిచాడు.

"ముగ్గు బాగా వేస్తున్నావు బావా" అన్నాడు ఎనాక్.

"కోతలాపి బండి లేపు."

ఫెన్‌విక్ దగ్గరికి వచ్చాడు. గడ్డం నుంచి నీళ్లు కారుతున్నాయి. "తోపు తీసుకుంటావా, బ్రాడ్‌బెంట్? ఇందులో సిగ్గేమీ లేదు. ఎత్తు మీద ఆగిన ఒంటిజోడును ఇంత బరువుతో లేపినవాణ్ణి నేను చూడలేదు."

"అయితే వానలో ఇంకాసేపు నిలబడండి సార్. చూద్దురుగాని."

ఎనాక్ గార్డును పిలిపించి బండి ఎక్కమని చెప్పి, బండిని ఒక్క జానెడు వెనక్కి వాల్చాడు. పెట్టెలన్నీ ఒకదానికొకటి ఆనుకున్నాయి, మధ్యలో గొలుసులు వదులయ్యాయి. ఇప్పుడు మార్జరీ ముందు ఒక పెట్టెనే లాగాలి, తర్వాత రెండోదాన్ని. అంతా ఒక్కసారి మోయనక్కర్లేదు. ఇసుక మీట లాగాడు. రెండు వైపులా ఎండిన ఇసుక బుస్సుమని చక్రం కిందికి దూరింది. రెగ్యులేటర్‌ను వెంట్రుకవాసి తెరిచాడు.

చక్రం కదలలేదు. ఇంకాస్త తెరిచాడు. కింద ఇసుక నలిగిన చప్పుడు, గట్టి అప్పడం నమిలినట్టు. చక్రం తిరిగింది. జారలేదు, తిరిగింది. మొదటి గొలుసు బిగిసింది. రెండోది. గొలుసులు బిగిసే చప్పుడు బండి చివరిదాకా పరుగెత్తుకుంటూ పోయింది. ఫెన్‌విక్ తన పెట్టె మెట్టు పట్టుకుని పరుగెత్తి ఎక్కాల్సి వచ్చింది. జోసయా ఖాళీ బకెట్లతో పక్కకు తప్పుకున్నాడు. కిటికీల్లోంచి పండగ జనం ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారు.

"నిప్పు చూడు సైలస్. ఇప్పుడు ఆగితే మళ్లీ అడగడానికి నా దగ్గర మొహం లేదు."

"ఉన్నదాన్ని చక్రంలో పెట్టి తుడిచేశావుగా" అన్నాడు సైలస్, పార ఆడిస్తూ.

మార్జరీ ఒక్కొక్క ఊపిరే కూడదీసుకుంటూ ఎక్కింది. గొర్రెలు తీరిగ్గా కనిపించాయి. ఫెన్‌విక్ వాటిని చూశాడో లేదో గాని, తల మాత్రం దారంతా కిటికీ బయటే ఉంది. కొండ తల దాటింది. పట్టా చదునైంది. వెనక లోయ అంతా వాన తెరలో పరుచుకుంది.

అప్పుడు ఎనాక్ కూత తాడు పట్టుకుని లాగాడు. రెండు పొడుగు, ఒక పొట్టి. తోపుడు కూత. లోయ నిండా మోగింది.

సైలస్ పార ఆగిపోయింది. "అన్నా, ఏం చేశావు? ఎక్కాక అడుగుతావేంటి? పెద్దాయన వింటాడు."

"వినాలనే. కింద ఉన్నవాడు కూడా వినాలనే."

సముద్రం ఊరి స్టేషన్‌లో ఫెన్‌విక్ నేరుగా ఇంజను దగ్గరికి వచ్చాడు.

"తోపుడు కూత విన్నాను, బ్రాడ్‌బెంట్. ఏం చెప్పాను నేను?"

"వింటే పాల బండి అన్నారు సార్. కానీ అది తొయ్యమని కాదు, తొయ్యనందుకు."

"ఇసుక ఎందుకు పడలేదు?"

"నేనే మూశాను సార్. మెరుగు పెట్టబోయి. పొద్దున ఊది చూడనివ్వలేదు కూడా నేనే. మార్జరీ తప్పు లేదు."

ఫెన్‌విక్ చక్రం వైపు చూశాడు. చుట్టూ మెరుస్తోంది, పట్టా తాకే చోట మాత్రం ఇసుకకు గీసుకుపోయి మసక బూడిద రంగు వలయం.

"ఎత్తు మీద ఆగినదాన్ని లేపింది. తోపు లేకుండా ఎక్కమన్నాను, ఎక్కింది" అన్నాడు. "ఎక్స్‌ప్రెస్ మీదే ఉంచుతాను. తక్కినవి కూడా ఉంటాయి. కానీ ఆ వలయం ఇలాగే ఉండాలి. నీ చేతి గుడ్డ దాన్ని తాకిందని తెలిస్తే, ఇంజనును కాదు, నిన్ను పాల బండికి పంపిస్తాను. రోజూ ఇసుక ఊదు. నా మొహం మీద పడినా సరే." ఈసారి గడ్డం కిందనుంచి నవ్వు స్పష్టంగానే కనిపించింది.

ఆ సాయంత్రం కెజియా మఫ్లరును రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది. "ఇది మెడకు కట్టుకుని వెళ్లావా, చక్రానికి కట్టావా?"

"చక్రానికే. నా మెడ దాని కిందే ఉంది మరి."

"ఉతికితే పోదయ్యా ఇది."

"పోకూడదు. దాచిపెట్టు."

సోమవారం మార్జరీ మళ్లీ సముద్రం బండి పట్టుకుని బయల్దేరింది. ఒళ్లంతా చేపపొలుసుల మెరుపు, పెద్ద చక్రం అంచున మాత్రం మొండి బూడిద రంగు. షెడ్డులో కుర్రాళ్లు అదేదో కొత్త ఫ్యాషన్ అనుకుని చర్చించుకున్నారు. స్కార్ అడుగున జోసయా తన ఇంజను మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఎనాక్ ఏ కూతా వెయ్యలేదు. ఇసుక మీట లాగాడు, చక్రం పట్టా మీద కరకరలాడుతూ ఎత్తు అందుకుంది. జోసయా టీ డబ్బా పక్కన పెట్టి, రెండు ఖాళీ బకెట్లు తీసుకుని, తలకన్నా ఎత్తున పట్టుకుని, ఒకదానితో ఒకటి కొట్టి మోగించాడు. ఎనాక్ టోపీ పూర్తిగా తీసి ఊపాడు.